పన్నెండు సర్టిఫికెట్లు

మా స్కూల్లో పదకొండు మంది టీచర్ల ఇళ్లలో, ఒకే తేదీన, ఒకే డాక్టరు సంతకంతో, పదకొండు మందికి కిడ్నీలు పాడయ్యాయి. ఇన్‌కంట్యాక్స్ వాళ్ల కంప్యూటర్లో అలాగే ఉంది. నిజానికి ఆ పదకొండు మందిలో ఒక్కరికీ ఏ జబ్బూ లేదు. అందరూ పప్పన్నం తిని, కొబ్బరినీళ్లు తాగి హాయిగా తిరుగుతున్నారు. పన్నెండో సర్టిఫికెట్ మాది. అదొక్కటే నిజం. ఆ నిజాన్ని అబద్ధమని రాసివ్వమని నన్నడిగారు.

నా పేరు సీతాదేవి. ఉద్దానంలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఉండేది కాశీబుగ్గలో. మా ఆయన జగదీశ్వరరావు మందసలో ఒక సహకార సంఘంలో గుమాస్తాగా చేసేవారు. నాలుగేళ్ల క్రితం పాదాలు వాస్తున్నాయని రక్తపరీక్ష చేయిస్తే, ఒకటి చుట్టుపక్కల ఉండాల్సిన క్రియాటినిన్ ఏడు దాటి వచ్చింది. మా వైపు ఆ అంకె చెబితే చాలు, ఇంకేమీ అడగరు. ఉద్యోగం మానేశారు. సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున్నే పలాస ఆసుపత్రికి వెళ్లి డయాలసిస్ చేయించుకుని మధ్యాహ్నానికి ఇంటికొస్తారు. డయాలసిస్‌కి డబ్బు తీసుకోరు. కానీ బయట కొనే ఇంజక్షన్లు, మందులు, పరీక్షలు, ఆటోలు కలిపి ఏడాదికి డెబ్బై వేలు దాటుతుంది.

ఇలాంటి జబ్బుకు వైద్యం చేయిస్తున్నవాళ్లకు ఇన్‌కంట్యాక్స్‌లో ఒక చిన్న వెసులుబాటు ఉంది. పాత పద్ధతిలో పన్ను కట్టేవాళ్లు, వైద్యానికి పెట్టిన ఖర్చులో నలభై వేల వరకు ఆదాయంలోంచి తీసేసి చూపించుకోవచ్చు. స్పెషలిస్టు డాక్టరు రాసిచ్చిన సర్టిఫికెట్ మన దగ్గర ఉండాలి, బిల్లులుండాలి. నా జీతానికి లెక్క వేస్తే నాకు ఎనిమిది వేల మూడు వందల ఇరవై రూపాయలు మిగులుతాయి. అవి రెండు నెలల ఇంజక్షన్లకు సరిపోతాయి. ఆ డబ్బు ఎవరి దయా కాదు. ఆయన పడుతున్న బాధకు ప్రభుత్వం ఒప్పుకున్న లెక్క.

రిటర్ను నేనే వేసుకుంటాను. పాతికేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పి, నా లెక్క తీసుకెళ్లి ఇంకొకడి చేతిలో పెట్టడానికి నాకు సిగ్గు. మా స్టాఫ్‌లో ఆ సిగ్గు ఎవరికీ లేదు. వాళ్లకు ఫణిశంకర్ ఉన్నాడు. కాశీబుగ్గలో జిరాక్స్ షాపు మేడమీద గది తీసుకుని ట్యాక్స్ కన్సల్టెంట్ అని బోర్డు పెట్టాడు. ఏటా జూన్ నెలాఖరుకి లాప్‌టాప్ పట్టుకుని మా స్టాఫ్‌రూమ్‌కి వచ్చేవాడు. అందరి దగ్గరా ఫారం సిక్స్‌టీన్లు, పాన్ నంబర్లు, పాస్‌వర్డులు తీసుకునేవాడు. రెండు రోజులయ్యాక ఫోన్ చేస్తే వీళ్లు తరగతి మధ్యలో బయటికొచ్చి ఓటీపీ చదివి చెప్పేవాళ్లు. వచ్చిన రిఫండ్‌లో పదిహేను శాతం అతనిది.

నేను నోరు మూసుకోలేదు. ఏటా చెప్పాను. రిఫండ్ అంటే మన దగ్గర ఎక్కువ పట్టుకున్నది తిరిగి ఇవ్వడం, లాటరీ తగలడం కాదు. సరిగ్గా పట్టుకుంటే తిరిగి రావడానికి ఏముంటుంది అని అడిగాను. పాస్‌వర్డ్ ఇవ్వడమంటే ఖాళీ కాగితం మీద సంతకం పెట్టి ఇవ్వడమే అన్నాను. కనీసం అతను పంపేముందు ఒకసారి తెరిచి, జీతం ఎంత చూపించాడో, ఏ మినహాయింపు కింద ఎంత రాశాడో చదువుకోమన్నాను. మా హెడ్మాస్టరు జగన్నాథరావు గారు నవ్వి, మేడమ్‌కి గవర్నమెంటు మీద మమకారం ఎక్కువ అన్నారు. అందరూ నవ్వారు. ఆ ఏడాది ఒక్కొక్కరికీ ఎనిమిది నుంచి ఇరవై వేల దాకా రిఫండ్ వచ్చింది. స్టాఫ్‌రూమ్‌లో బిర్యానీ తెప్పించుకున్నారు. నాకూ ఒక పొట్లం పెట్టబోతే వద్దన్నాను.

కిందటేడు దసరా సెలవుల ముందు అందరికీ నోటీసులొచ్చాయి. జబ్బు మినహాయింపు వేసుకున్నారు కాబట్టి సర్టిఫికెట్ పంపమని. నాకూ వచ్చింది. నేను మా ఆయన ఫైల్లోంచి సర్టిఫికెట్టూ బిల్లులూ స్కాన్ తీసి పంపేసి ఆ సంగతి మర్చిపోయాను. మిగతావాళ్లు ఏం పంపారో నాకు తెలియదు. వాళ్లకూ జబ్బు మినహాయింపు మీదే నోటీసు వచ్చిందని అప్పటికి నాకు తెలియదు. అడిగితే, ఫణి చూసుకుంటాడులే అన్నారు.

ఆ వారంలోనే ఫణిశంకర్ మా ఇంటికొచ్చాడు. మొహం వేలాడేసుకుని వచ్చాడు. వాళ్ల బావగారికి క్రియాటినిన్ ఆరు వచ్చిందనీ, ఇంట్లో అందరూ ఏడుస్తున్నారనీ, ఏ డాక్టరు దగ్గరికి వెళ్లాలో, ఏ కాగితాలు పెట్టుకోవాలో తెలియడం లేదనీ చెప్పాడు. మా ఆయన ఫైలు ఒక్కరోజు ఇస్తే చూసి తెచ్చేస్తానన్నాడు.

మా వైపు ఫైలు అడిగితే కాదనరు. డబ్బు అడిగితే లేదంటారు, పొలంలోకి దారి అడిగితే పోట్లాడతారు, ఫైలు మాత్రం ఇస్తారు. కొత్తగా జబ్బు పడినవాళ్లు పాతవాళ్ల ఫైలు పట్టుకెళ్లి చూసుకుంటారు. ఏ డాక్టరు మంచిగా చూస్తాడు, పింఛనుకు ఏ కాగితం జత చేయాలి, ఏ పరీక్ష ఎక్కడ చేయిస్తే తక్కువవుతుంది, అన్నీ అందులోనే ఉంటాయి. మా ఆయన ఫైలు నందిగాం వెళ్లింది, జలంత్రకోట వెళ్లింది. మాకు మొదట్లో దారి చూపించిన ఫైలు ఎవరో ముక్కూ మొహం తెలియని నౌపడ ఉప్పు కూలీది. అందుకని నేను ఒక్క ప్రశ్న కూడా వేయకుండా ఫైలు ఇచ్చాను. పైపెచ్చు కాఫీ ఇచ్చి, ధైర్యంగా ఉండమని చెప్పి పంపాను. మర్నాడు ఫైలుతోపాటు అరకిలో జీడిపప్పు తెచ్చిచ్చాడు. కిడ్నీ రోగి ముట్టకూడని జీడిపప్పును ఆ ఇంటికే తెచ్చినవాడికి బావగారి జబ్బు గురించి ఏం తెలుసని నాకప్పుడు తట్టలేదు. తట్టనందుకు నా మీద నాకే కోపం.

ఈ జనవరిలో రెండో నోటీసు వచ్చింది. మీరు పంపిన సర్టిఫికెట్ నంబరు, తేదీ, డాక్టరు రిజిస్ట్రేషన్ మరో పదకొండు మంది పంపిన వాటిలోనూ అవే ఉన్నాయి, మీరు పెట్టుకున్న మినహాయింపు బూటకమని ఎందుకు అనుకోకూడదో చెప్పండి అని రాసి ఉంది. బూటకమట. మా ఆయన ఎడమ చేతి మీద సూదులు గుచ్చి గుచ్చి నరం తాడులాగా లేచింది. దాన్ని పట్టుకుని బూటకమంటున్నారు. వాళ్లను అని ఏం లాభం? వాళ్ల ముందున్నవి పన్నెండు కాగితాలు. రాసిన చేతులు వాళ్లకు కనిపించవు.

మర్నాడు స్టాఫ్‌రూమ్‌లో అందరి మొహాలూ మాడిపోయి ఉన్నాయి. ఫణిశంకర్ ఫోన్ స్విచ్ఛాఫ్. గదికి తాళం. అప్పుడు నాకు ఒక్కొక్కటీ తెలిసింది. అరవై దాటినవాళ్ల వైద్యానికైతే లక్ష దాకా చూపించుకోవచ్చు కాబట్టి, మా వాళ్ల రిటర్నుల్లో పెద్దవాళ్లున్న ఇళ్లకు లక్ష, లేని ఇళ్లకు నలభై వేలు జబ్బు ఖర్చు కింద రాశాడు. నోటీసు రాగానే మా ఆయన సర్టిఫికెట్‌లో పేరు మార్చి పదకొండు చేసి పంపాడు. ఇంకే జబ్బూ దొరకలేదా అని అడిగితే జగన్నాథరావు గారు నేలచూపులు చూస్తూ చెప్పారు.

“ఉద్దానం అడ్రసు మీద కిడ్నీ అని రాత్తే ఏ ఆఫీసరూ కాదనడు సార్ అన్నాడు మేడమ్. నిజమే కదా అనిపించింది మాకు.”

ఆ మాటకు నా ఒళ్లు మండిపోయింది. మా ఊళ్లలో గడపగడపకీ ఒకరు పోయారు. జబ్బు ఎందుకొస్తోందో ఇప్పటికీ ఖాయంగా చెప్పేవాడు లేడు. నీళ్లంటారొకరు, ఎండంటారొకరు, మందులంటారొకరు. ఇన్నేళ్లుగా ఇంతమంది చచ్చి సంపాదించిపెట్టిన నమ్మకాన్ని వీళ్లు బిర్యానీకి వాడుకున్నారు. వీళ్లెవరూ చదువురాని వాళ్లు కారు. పిల్లలకు నీతిపాఠాలు చెప్పి జీతం తీసుకునేవాళ్లు. ఆ రోజు నేను ఏం తిట్టానో నాకు పూర్తిగా గుర్తులేదు. పక్క గదిలో తొమ్మిదో తరగతి వాళ్లు చదవడం ఆపేశారని మాత్రం గుర్తుంది.

మా ఇంగ్లీషు టీచరు షారోన్‌ది టెక్కలి. చేరి రెండేళ్లయింది. ఆమెకు రిటర్ను తెరవడం కూడా రాదు. ఆ సాయంత్రం నా పక్కన కూర్చోబెట్టుకుని కొత్త పాస్‌వర్డ్ పెట్టించి తెరిపించాను. ఆమె పేరుమీద ఫణిశంకర్ పంపిన సర్టిఫికెట్ తెర మీదికొచ్చింది. రోగి పేరు నిహారిక. వయసు ఆరేళ్లు. షారోన్ కూతురు. ఇంట్లో పెద్దవాళ్లెవరూ లేరని ఆ పిల్ల పేరు రాశాడు. షారోన్ మామగారు ఈ జబ్బుతోనే పోయారని నాకు తెలుసు. ఆమె ఆ పేరు మీద వేలు పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది. ఏడవలేదు. సంచి తీసుకుని వెళ్లిపోయింది. మర్నాడు స్కూలుకు రాలేదు.

శుక్రవారం జగన్నాథరావు గారు టెక్కలిలో ఎవరో ఆడిటర్ని కలిసి ఒక ఉపాయం పట్టుకొచ్చారు. పన్నెండు మందీ ఒకే రకం జవాబు పంపాలి. పొరపాటున వేసుకున్నాం, పన్నూ వడ్డీ జరిమానా కట్టేస్తాం అంటే ఆఫీసరు డబ్బు కట్టించుకుని ఊరుకోవచ్చు. కానీ ఒక్కరు నా సర్టిఫికెట్ అసలుదని అన్నారా, మిగతా పదకొండూ దొంగవని తేలుతుంది. అప్పుడది పన్ను సంగతి కాదు, ఫోర్జరీ. కేసు అవుతుంది, సస్పెన్షన్లవుతాయి. ఆయన మార్చిలో రిటైరవుతున్నారు. పింఛను ఆగిపోతుంది. సైన్సు చెప్పే కార్తికేయకు ఇంటి అప్పుంది. ఇవన్నీ నాకు వివరంగా చెప్పి, టైపు చేయించిన కాగితం ఒకటి, కవరు ఒకటి నా ముందు పెట్టారు. కవర్లో పన్నెండు వేలున్నాయట. నాకు పోయేదానికి, వడ్డీకి, జరిమానాలో కొంతకి. అందరూ చందా వేసుకున్నారు. జరిమానా ఎక్కువైతే అది కూడా చూసుకుంటామన్నారు.

కాగితం చదివాను. ‘నా కుటుంబంలో ఎవరికీ మూత్రపిండాల వ్యాధి లేదు. పొరపాటున మినహాయింపు కోరాను.’ కింద నా పేరు.

కవరు అక్కడే వదిలేశాను. కాగితం మాత్రం ఇంటికి తీసుకెళ్లాను. ఎందుకు తీసుకెళ్లానంటే, చింపి వాళ్ల మొహాన కొట్టాలనీ అనిపించింది, జగన్నాథరావు గారి భార్య ధనలక్ష్మి మొహం కూడా గుర్తొచ్చింది. నాకు ఆపదొచ్చినప్పుడల్లా ఆవిడ క్యారేజీలో ఉప్పులేని కూర వండి పంపిన మనిషి. ఆవిడ పేరుమీద కూడా ఒక సర్టిఫికెట్ ఉంది. ఆ సంగతి పాపం ఆవిడకు తెలియదు.

మా ఆయన డయాలసిస్ నుంచి వచ్చి పడుకుని ఉన్నారు. డయాలసిస్ రోజుల్లో ఆయన గొంతు కూడా అలిసిపోయి ఉంటుంది. జరిగింది చెప్పాను. కాగితం అడిగి తీసుకుని, కళ్లజోడు పెట్టుకుని చదివారు. రెండుసార్లు చదివారు. ఆయన గుమాస్తాగా చేసిన మనిషి, ఏ కాగితాన్నీ ఒకసారి చదివి వదలరు. తర్వాత కాగితం కడుపు మీద పెట్టుకుని నవ్వారు.

“రాసిచ్చీ సీతా. కాయితం మీదైనా కాస్త బాగుంటాను.”

ఆయనకు అది వేళాకోళం. నాకు కాదు. వంటింట్లోకి వెళ్లి గిన్నెలన్నీ కడిగాను, కడిగినవే మళ్లీ కడిగాను. ఈ జబ్బు వచ్చాక ఆయన నన్నొక్కటీ అడగలేదు. నీళ్లు కూడా లెక్కపెట్టుకుని తాగుతారు. అలాంటి మనిషి చేత, నాకు జబ్బు లేదని రాసిచ్చేయ్ అనిపించారు. ఊళ్లో ఉన్న ఆరోగ్యమంతా వాళ్లు ఉంచుకుని, కాగితం మీదున్న జబ్బంతా వాళ్లే తీసుకుని, చివరికి ఆయనకున్న జబ్బు కూడా ఆయనకు లేకుండా చేస్తున్నారు. శని, ఆదివారాలు నేనెవరి ఫోనూ ఎత్తలేదు.

సోమవారం మధ్యాహ్నం స్టాఫ్‌రూమ్‌లో అందరూ చేరారు. పదకొండు కాగితాలు బల్ల మీద వరసగా పెట్టి ఉన్నాయి. పది మీద సంతకాలయ్యాయి. షారోన్ ఆ రోజే వచ్చింది. ఆమె కాగితం ఖాళీగా ఉంది. జగన్నాథరావు గారు నా చేతిలో కాగితం చూసి ఊపిరి పీల్చుకుని పెన్ను మూత తీసి ఇచ్చారు.

నేను సంతకం పెట్టలేదు. మీ ఇంట్లో ఎవరికీ జబ్బు లేదని మీరు రాయండి, మా ఇంట్లో ఉందని నేను రాస్తాను, రెండూ నిజాలే, ఎవరి నిజం వాళ్లు రాసుకుందాం అన్నాను. ఎవరి పేరూ నా చేత్తో రాయనని కూడా చెప్పాను.

“ఒకటి నిజమని తేలితే మిగతావి ఏటవుతాయి మేడమ్?” అన్నారు ఆయన.

“అబద్ధాలవుతాయి. అవి అబద్ధాలే కదా సార్.”

కార్తికేయ లేచి నిలబడ్డాడు. పదకొండు కుటుంబాలు రోడ్డున పడతాయని, ఎనిమిది వేల కోసం ఇంత పంతమా అని, నా వయసుకు కాస్త జాలి ఉండాలని అన్నాడు. జాలి అనే మాట వినేసరికి నాలో మిగిలిన ఓపిక కాస్తా పోయింది. మీకెవరికైనా ఆ మాట అంత తేలిగ్గా ఉంటే, ఆ కాగితం తీసుకుని మా ఇంటికొచ్చి, మంచం మీద ఉన్న మనిషి ఎదురుగా నిలబడి, మీకు ఏ జబ్బూ లేదండీ అని గట్టిగా చదవండి, అప్పుడు నేను సంతకం పెడతాను అన్నాను. ఇప్పుడే రండి, ఆటో నేను మాట్లాడతాను అన్నాను. ఒక్కరూ కుర్చీలోంచి కదల్లేదు. కార్తికేయ కూర్చున్నాడు.

అప్పుడు షారోన్ మాట్లాడింది. గొంతు చాలా చిన్నగా వచ్చింది.

“పాపకి టెస్టు సేయించినాను మేడమ్. దానికేటీ లేదని తెలుసు. అయినా దాని పేరు పక్కన ఆ మాట సూసినాక ఉండలేకపోయినాను. సూది గుచ్చుతుంటే ఎందుకమ్మా అని అడిగింది. ఏటి సెప్పాలి దానికి?”

ఆమె తన ముందున్న టైపు కాగితాన్ని వెనక్కి తిప్పింది. ఖాళీగా ఉన్న వైపు రాయడం మొదలుపెట్టింది. తన కూతురికి ఏ జబ్బూ లేదనీ, ఆ సర్టిఫికెట్ తాను పంపలేదనీ, పాస్‌వర్డ్ ఇంకొకరి చేతిలో పెట్టడం తన తప్పేననీ, తనకు వచ్చిన డబ్బు వడ్డీతో సహా కట్టేస్తాననీ రాసింది. సర్టిఫికెట్ అసలు ఎవరిదో తనకు తెలుసనీ, ఆ మనిషికి నిజంగానే జబ్బనీ రాసింది. ఫణిశంకర్ పేరు రాసి, ఫోన్ నంబరు కూడా వేసింది. జగన్నాథరావు గారు ఆమె చెయ్యి పట్టుకోబోయి ఆగిపోయారు. ఉద్యోగం పోద్దమ్మా అన్నారు. పోతే పోనీండి సార్ అంది. ఫోటో తీసి, అక్కడే కూర్చుని, నేను నేర్పినట్టే ఇన్‌కంట్యాక్స్ వాళ్ల సైటు తెరిచి, తన చేత్తోనే పంపింది.

ఆమెకు ఏమవుతుందో నాకు తెలియదు. మిగతా పది మందిలో ఎవరు ఏం రాశారో కూడా తెలియదు. నేను వస్తుంటే ఒక్కరూ నాతో మాట్లాడలేదు. సంతకం పెట్టని నా కాగితం నా సంచిలోనే ఉండిపోయింది.

ఇంటికొచ్చేసరికి మా ఆయన లేచి దిండుకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. సంతకం పెట్టావా అని అడగలేదు. షారోన్ సంగతి చెప్పాను. ఆరేళ్ల పిల్లకి రక్తపరీక్ష చేయించిందని చెప్పగానే నిటారుగా కూర్చున్నారు.

“ఎంతొచ్చిందట?”

షారోన్ చూపించిన రిపోర్టులో సున్నా పాయింట్ ఐదు ఉందన్నాను. ఆయన ఆ అంకెను నోట్లోనే ఒకసారి అనుకున్నారు. ఈ నాలుగేళ్లలో ఏ అంకె విన్నా ఆయన మొహం అలా వెలగలేదు.

“మరి దానికి లేదని రాసిందా వాళ్లమ్మ?”

రాసిందన్నాను.

“అయితే నాకుందని నువ్వు రాసీ,” అన్నారు.

ఆయన మంచం పక్కనే కూర్చుని రాశాను. మొదటి డయాలసిస్ తేదీ నేను తప్పు రాస్తే ఆయనే సరిచేశారు.